నస్రత్ పెదవులూ, సుభానీ పీకలూ

చిలకలూరిపేట నుంచి పడమటికి వెళ్ళే రోడ్డులో, జిన్నింగు మిల్లులు అయిపోయి మిరప కల్లాలు మొదలయ్యే చోట ఉంటుంది ఆ ఊరు. ఆ చుట్టుపక్కల సుభానీ మేళం ఎరగనివాడు ఉన్నాడంటే వాడు చెవిటివాడన్నా అయ్యుండాలి, పొరుగూరి మేళం తాలూకన్నా అయ్యుండాలి. సుభానీ సన్నాయి ఎత్తుకుంటే హైవే మీద లారీవాళ్ళు హారన్ కొట్టడానికి మొహమాటపడేవాళ్ళు. ఒకసారి వినుకొండ పెళ్ళిలో ఊదితే కొండ మీది కోతులన్నీ దిగొచ్చి విడిదింటి ప్రహరీ మీద బుద్ధిగా కూర్చున్నాయి. ఒక్కటంటే ఒక్కటి కొబ్బరిచిప్ప ముట్టలేదు. నమ్మనివాళ్ళు వెళ్ళి ఆ కోతుల్నే అడగొచ్చు, అవి ఇంకా అక్కడే ఉన్నాయి.

అలాంటి సుభానీకి ముందుపళ్ళు ఊడిపోయాయి. ఎలా ఊడాయంటే మనిషినిబట్టి చెబుతాడు. పిల్లలకైతే దున్నపోతుతో కుస్తీ, పెళ్ళివారికైతే దొంగలతో పోరాటం. జరిగింది మాత్రం పేట సెంటర్లో బస్సు దిగుతూ కాలు జారడం. పడేటప్పుడు ఎవరైనా చేతులు ఆన్చుకుంటారు. సుభానీ చేతుల్లో సన్నాయి పెట్టె ఉంది. దాన్ని నెత్తిమీదికెత్తి, మొహాన్ని రోడ్డుకి అప్పజెప్పాడు. సన్నాయికి గీత కూడా పడలేదు. అతను చెప్పే కథలన్నిట్లోకీ గొప్పది ఈ నిజమే. అదొక్కటే చెప్పడు.

కట్టుడు పళ్ళతో తిండి తినొచ్చు, కబుర్లు చెప్పొచ్చు, సన్నాయి మాత్రం ఊదలేరు. అప్పట్నుంచి మేళం మొత్తం అతని మేనకోడలు నస్రత్ నోటిమీద నడుస్తోంది.

నస్రత్ తల్లికి సింగరాయకొండలో గాజుల కొట్టు. పిల్లకి ఊపిరి బాగా నిలుస్తోందని తమ్ముడు సరదా పడితే, ఆరో తరగతి సెలవుల్లో తెచ్చి అతని దగ్గర వదిలింది. ఆ సెలవులు ఇంకా అవలేదు. సుభానీ మొదట చేతికి సన్నాయి ఇవ్వలేదు. బొప్పాయి ఆకు కాడ ఇచ్చి, ఒక కుండెడు నీళ్ళు ముందుపెట్టాడు. కాడతో ఊదుతూ ఉండాలి, ముక్కుతో గాలి పీలుస్తూ ఉండాలి, నీళ్ళలో బుడగ ఆగకూడదు. నస్రత్ బుడగలు ఆగేలోపు సుభానీ భార్య సర్దార్‌బీ అన్నం వార్చి, పప్పు తాలింపు వేసి, పిలిచి పిలిచి విసిగిపోయి తను తినేసేది. ఇరవయ్యారేళ్ళు వచ్చేసరికి ఆ పిల్ల లేకుండా చుట్టుపక్కల తాళి కట్టడం ఆచారం కాదన్నంత పేరు వచ్చింది. "మరి నీ పెళ్ళెప్పుడే?" అని ఎవరన్నా అడిగితే, "ముహూర్తాలన్నీ మీరే పట్టేసుకుంటే నాకెక్కడివండీ?" అనేది.

ఆ నోరు అలా ఉండగా, ఆ నోటికి చుట్టూ ఉన్న పెదవుల దగ్గర వచ్చింది చిక్కు.

సన్నాయి కొసన రెల్లుతో చేసిన పీక ఉంటుంది. దాన్ని పెదవుల మధ్య పెట్టి బిగించి ఊదాలి. ఏళ్ళతరబడి బిగించీ బిగించీ నస్రత్ పెదవులు పల్చబడి లోపలికి మడిచినట్టు ఉండేవి. కింది పెదవి నడిమధ్య నల్లటి కాయ ఒకటి కాచింది. ఆమెకి అదేం బాధగా ఉండేది కాదు. నాగలి పట్టినవాడి అరచెయ్యి చూసి ఎవరన్నా ఇలా ఉందేమని అడుగుతారా?

అడిగాడు, జయపాల్ అనే వీడియో కుర్రాడు. వినుకొండలో ఒక పెద్దింటి పెళ్ళి. మండపం పక్కనే సినిమాహాల్లో తెరంత తెర కట్టారు. జయపాల్ కెమెరా భుజాన వేసుకొచ్చి చాలా మర్యాదగా చెప్పాడు.

"అక్కా, ఏమనుకోకండి. క్లోజప్‌లో పెదాలు లోపలికి పోయి ముసలమ్మ ఫీలింగొస్తోంది. ఊదేటప్పుడు కొంచెం అటు తిరగండి."

వాడికి కుళ్ళేం లేదు, పెళ్ళికూతురికైనా అలాగే చెబుతాడు. నస్రత్ ఆ పెళ్ళంతా గోడవైపు తిరిగి ఊదింది. ఆ గోడకి అంత మంచి కచేరీ ముందూ దొరకలేదు, వెనకా దొరకదు. కానీ ఆ మాట మాత్రం మేళంతోపాటు ఇంటికొచ్చింది. అద్దం చూసినప్పుడల్లా "అటు తిరగండి" అనేది.

గుంటూరులో ఒక పార్లర్లో నెలకోసారి ఎవరో మేడమ్ వచ్చి పెదవులకి ఫిల్లర్ ఎక్కిస్తుందని సిద్దికా చెప్పింది. సిద్దికా పేటలో మెహందీ పెట్టే పిల్ల, నస్రత్‌కి పెళ్ళిళ్ళ స్నేహితురాలు. "సూదితో జెల్ ఎక్కిస్తారే, మధ్యాన్నం భోజనంలోపు అయిపోద్ది" అంది. నస్రత్ వెళ్ళింది. సన్నాయి ఊదుతానని ఆ మేడమ్‌తో చెప్పాలని నాలిక చివరిదాకా వచ్చింది. చెబితే వద్దంటుందేమోనని మింగేసింది.

ఇంటికొచ్చేసరికి మూతి రెండు పండుమిరపకాయలు ఒకదానిమీదొకటి పెట్టినట్టుంది. సర్దార్‌బీ గుండె బాదుకుంది.

"ఏందే ఇది?"

ఆ రోజు పొద్దున నిజంగానే నస్రత్ ఆదెయ్య కల్లంలో మిరపకాయలు తిరగేసి వెళ్ళింది. ఆదెయ్య సుభానీకి చిన్ననాటి నేస్తం, మేళంలో డోలు అతనిదే. డోలు లేనప్పుడు మిరప, మిరప లేనప్పుడు డోలు.

"కాయలు తిరగేసి చెయ్యి కడుక్కోకుండా మూతి తుడుచుకున్నా అత్తా" అంది.

ఆ దేశంలో ఇంతకంటే నమ్మదగ్గ అబద్ధం లేదు. సర్దార్‌బీ వెన్న పూసింది. సుభానీ పెరుగు పూయమన్నాడు. ఆదెయ్య మాత్రం ఏమీ పూయమనలేదు, పరమానందపడిపోయాడు. "చూశావట్రా నా కాయ ఘాటు! ముట్టుకున్న చేత్తో ముట్టుకున్నందుకే బూరెలయింది మూతి!" అని ఊరంతా చెప్పుకున్నాడు. గుంటూరు మిర్చి యార్డు దాకా వెళ్ళింది ఆ ముచ్చట. అక్కడికి చేరేసరికి, ఆదెయ్య మిరప చేల మీదుగా ఎగిరిన కొంగ ముక్కు కూడా వాచిందట.

వాపు తీసింది. తీశాక మిగిలిన పెదవులు చూసుకుని నస్రత్ మురిసిపోయిందంటే అందులో దాచేదేం లేదు. నిండుగా, నునుపుగా, నల్లటి కాయ కూడా కనపడీ కనపడనట్టుగా ఉన్నాయి. ఫోనులో తన ఫొటో తనే తీసుకుంది, తనే చూసుకుంది. ఎవరో కొత్త పిల్లతో స్నేహం కుదిరినట్టుంది ఆమెకి.

ఆ సంతోషంతోనే సన్నాయి తీసి ఊదింది.

గాలి రెండు పక్కలనుంచీ బుస్సున కారిపోయింది. సన్నాయి నుంచి వచ్చింది స్వరం కాదు, సైకిల్ ట్యూబు చప్పుడు. బిగించి చూసింది. పెదవి బిగుసుకోదే! మధ్యలో దిండు పెట్టి తలుపు వేసినట్టుంది. మెత్తగా పట్టి చూసింది. గట్టిగా పట్టి చూసింది. కింది స్థాయి ఏదో పలికింది గానీ, పైకి వెళ్ళేసరికి పగిలింది.

అదే ఇంకెప్పుడన్నా అయితే ఏదో సర్దుకునేది. ఉగాది వెళ్ళింది. ఊళ్ళో చెన్నకేశవస్వామి కల్యాణం ముంచుకొస్తోంది. ఆ కల్యాణానికి నాలుగు తరాలుగా సుభానీ ఇంటి మేళమే. అక్కడొక కట్టుబాటుంది. స్వామికి మాంగల్యధారణ జరిగేటప్పుడు ఎవరి మేళం మోగితే, తర్వాతి ఏడు పిలుపు తాంబూలం వాళ్ళకే. ఒక్క ఏడు వేరే మేళం వచ్చి నిలబడిందంటే, ఆ హక్కు వాళ్ళతో పాటే లేచిపోతుంది. సుభానీ తాత వరదలో మెడలోతు నీళ్ళలో వచ్చి ఊదాడు గానీ ఆ తాంబూలం వదల్లేదు. వరద సంగతి సుభానీ చెప్పిందే కాబట్టి నీళ్ళు మోకాలిదాకా అనుకున్నా పర్వాలేదు.

సాధన మొదలుపెట్టిన రోజున సుభానీ అరుగుమీద కూర్చుని తాళం వేస్తున్నాడు. పై స్వరం పగలగానే చెయ్యి ఆపాడు.

"పీక బాలేదే."

"ఊఁ" అంది నస్రత్.

ఆ "ఊఁ" ఎంత చెడ్డదో ఆమెకి మర్నాటికి తెలిసింది.

సన్నాయివాళ్ళకి పీకలంటే ప్రాణం. తమిళదేశం వైపునుంచి తెప్పించి, నానబెట్టి, ఆరబెట్టి, అంచు గీకి, నోటికి మచ్చిక చేసుకోవాలి. మంచి పీక ఎద్దులాంటిది, కొన్నరోజు నుంచే పని చెయ్యదు. సుభానీ దగ్గర ఏళ్ళనాటి పీకలు దారానికి గుచ్చి, గుడ్డలో చుట్టి ఉన్నాయి. తను ఊదలేకపోయినా పొద్దున్నే లేచి వాటిని ఒకసారి తడిమి చూసుకుంటాడు. పీక బాలేదని తోస్తే సన్నాయివాడు చేసేది ఒక్కటే. చాకు తీసుకుని అంచు గీకుతాడు.

సుభానీ గీకాడు. "ఊదు" అన్నాడు. ఊదింది. పగిలింది. ఇంకాస్త గీకాడు. ఆ పీక పలచబడి చీలిపోయింది. ఇంకోటి తీశాడు. తన నోట్లో పెట్టి చూద్దామంటే కట్టుడు పళ్ళు. నస్రత్ నోరే అతనికి త్రాసు. ఆ త్రాసులోనే తేడా ఉందని అతనికెలా తెలుస్తుంది?

"మిరప ఘాటు గాల్లో ఉంది, పీకలకి పట్టేసింది" అన్నాడు మొదటిరోజు.

"ఈ ఏడు రెల్లే మంచిది కాదు" అన్నాడు రెండోరోజు.

"దిష్టిరా" అన్నాడు ఆదెయ్య. "నా కాయకి తగిలినట్టే నీ పీకలకీ తగిలింది."

మధ్యలో ఆలయ కమిటీ పెద్ద శివరామకృష్ణ మోటారు సైకిలాపి, దిగకుండానే పలకరించాడు. అతని కల్లం సుభానీ ఇంటి వెనకే.

"సుభానీ, నిన్న సాధన వినపడింది. ఏంది, పిల్లికి జ్వరమొచ్చిందా?"

"పీకలండీ. రెండ్రోజుల్లో దార్లో పెడతా."

"పెట్టు. పొరుగూరి మేళం వాళ్ళు కబురు చేస్తన్నారు. నేనేం మాటివ్వలేదు. కానీ స్వామి కల్యాణం, ఆయన్ని ఆగమనలేం గదా."

బండి వెళ్ళిపోయింది. సుభానీ లోపలికి వెళ్ళి గుడ్డమూట మొత్తం తెచ్చుకున్నాడు. అడుగున వేరే చిన్న గుడ్డలో ఉన్న పీక తీశాడు. తేనెరంగు తిరిగి, అంచులు నున్నబడి, చూస్తేనే పలికేటట్టుంది. అది అతని తండ్రిది. తండ్రి పోయాక సుభానీ స్వామి కల్యాణానికి తప్ప దాన్ని తియ్యలేదు. పళ్ళు ఊడాక నస్రత్‌కి కూడా ఏడాదికి ఆ ఒక్కరోజే ఇచ్చేవాడు.

"ఊదు."

నస్రత్ ఊదింది. పగిలింది.

సుభానీ మొహంలో రంగు పోయింది. "ఇది కూడానా" అన్నాడు, చాలా చిన్నగా. చాకు తీశాడు. మోకాలి మీద గుడ్డ పరుచుకుని, పీకని వేలిమీద పెట్టుకుని, అంచుకి చాకు ఆనించాడు.

నస్రత్ ఒక్క ఉదుటున ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దు మావయ్యా. అది బానే ఉంది. అన్నీ బానే ఉన్నాయి."

"బాగుంటే పలకదేందే?"

"నా పెదాలు బాలేవు. మిరపకాయ కాదు మావయ్యా. గుంటూరులో సూదులేయించుకున్నా. లావవడానికి."

ముందుగా తేరుకున్నది ఆదెయ్య. అతనికే పెద్ద దెబ్బ తగిలింది.

"అయితే నా మిరపకాయ కాదా?"

"కాదు బాబాయ్."

"ఒసేయ్, యార్డు దాకా చెప్పానే!"

సుభానీ చాకు కింద పెట్టాడు. గుడ్డమీద చీలిపోయిన పీకల్ని ఒక్కొక్కదాన్నే వేలితో పక్కకి జరిపాడు. అరుస్తాడని నస్రత్ కాచుకుని ఉంది. అరిస్తే బాగుండును.

"ఇన్నిటి ఉసురు పోసుకుంటుంటే చూస్తా కూర్చున్నావు గదే" అన్నాడు. "మూతి నీది. ఏమన్నా చేసుకో, నేనెవర్ని. కానీ వీటిని గీకుతున్నప్పుడు చెప్పొద్దూ?"

నస్రత్‌కి ఏడుపొచ్చింది. ఎందుకు చేయించుకుందో చెప్పింది. జయపాల్ మాట, గోడ, అద్దం, అన్నీ. సర్దార్‌బీ గుమ్మంలో నిలబడి విని, కొంగు నడుముకి దోపుకుని బయటికొచ్చింది.

"ఆ కెమెరావాడెవడో నాకొకసారి చూపించు. అటు తిరగమంటాడా? వాణ్ణి తిప్పుతా నేను!" అని మొదలుపెట్టి, మధ్యలో ఆగి మేనకోడలి మొహం చూసింది. "చెప్పకూడదు గానీ, బానే ఉన్నాయే."

"నువ్వూరుకో" అన్నాడు సుభానీ. కానీ ఆ మాటతో అతని మూతి కూడా కాస్త వంకర తిరిగింది. నవ్వు అని ఒప్పుకోడు గానీ నవ్వే.

"అవి మళ్ళీ దింపొచ్చా?" అన్నాడు.

"కరిగించే మందుందని సిద్దికా చెప్పింది. పార్లర్లో కాదు, స్కిన్ డాక్టరు దగ్గర."

"పద గుంటూరు."

గుంటూరులో డాక్టరు శ్రీరమ్య దగ్గర మొటిమలవాళ్ళూ, జుట్టూడేవాళ్ళూ బారులు తీరి ఉన్నారు. సుభానీ సన్నాయి పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అది లేకుండా అతను ఆస్పత్రికి కూడా వెళ్ళడు. డాక్టరు నస్రత్ పెదవుల్ని తొడుగు వేసుకున్న వేళ్ళతో నెమ్మదిగా నొక్కి చూసింది. ఎడమ మూల దగ్గర ఆగి, మళ్ళీ నొక్కింది.

"ఏం ఎక్కించారో తెలుసా?"

"జెల్ అన్నారండి."

"జెల్ అన్నీ ఒకటి కాదమ్మా. హైలురానిక్ యాసిడ్ అనే రకమైతే మా దగ్గర మందుంది, ఎంజైము. సూదితో వేస్తే అది కరిగి ఒంట్లో కలిసిపోతుంది. సిలికాన్ లాంటిదైతే ఈ మందు దాన్నేమీ చెయ్యలేదు. కోసి తియ్యడమే, అదీ మొత్తం రాకపోవచ్చు."

సుభానీ పెట్టెను గట్టిగా పట్టుకున్నాడు. నస్రత్ పార్లర్‌కి ఫోను చేసింది. ఫోనెత్తిన పిల్ల "ఫారిన్‌దండీ, మంచిది" అంది. పేరేంటంటే మేడమ్‌ని అడగాలంది. మేడమ్ ఫోను స్విచ్చాఫ్.

"ఫారిన్‌లో అన్నీ ఉంటాయి" అంది డాక్టరు. "సరే. ముందు చేతిమీద చిన్న పరీక్ష చేస్తా, మందు పడుతుందో లేదో. పడితే పెదవిలో కొంచెం వేసి చూద్దాం. మెత్తబడితే మన అదృష్టం. ఈగల విషం పడనివాళ్ళకి ఈ మందు కూడా పడకపోవచ్చు. తేనెటీగో కందిరీగో కుట్టినప్పుడు ఒళ్ళంతా దద్దుర్లు రావడం, ఊపిరాడకపోవడం లాంటివి ఎప్పుడన్నా జరిగాయా?"

"కందిరీగలంటే డాక్టరుగారూ" అని అందుకున్నాడు సుభానీ. ఇంతసేపు నోరు మూసుకుని ఉండటం అతనికి చాతకాలేదు. "ఒకసారి వినుకొండ కొండమీద తుట్టె మొత్తం నామీద పడింది. నన్ను కుట్టిన కందిరీగలన్నీ..."

"మిమ్మల్ని కాదండీ, అమ్మాయిని అడుగుతున్నా."

"మొన్న కల్లంలో కుట్టింది. వాచి తగ్గిపోయింది, అంతే" అంది నస్రత్.

మోచేతి కింద చిన్న సూది వేసి కూర్చోబెట్టారు. ఆ కాసేపూ నస్రత్ ఆ చుక్కనే చూస్తూ కూర్చుంది. మామూలు మనుషులు పెళ్ళిచూపుల్లో కూడా అంత గుచ్చి చూడరు. దద్దురు పొంగలేదు.

పెదవికి తిమ్మిరి మందు రాసి, డాక్టరు సన్న సూదితో కుడిపక్క కొంచెం వేసింది. వేళ్ళతో మెల్లగా మర్దన చేసింది. బయట జనం పెరుగుతున్నారు. ఆమె మాత్రం తొందరపడలేదు. మధ్యలో ఇద్దరు మొటిమలవాళ్ళని చూసొచ్చి మళ్ళీ నొక్కింది. ఇంకోసారి నొక్కింది.

"మెత్తబడుతోంది" అంది.

నస్రత్ కళ్ళు మూసుకుంది. సుభానీ పైకి చూసి, తనకి తెలిసిన దేవుళ్ళందరికీ కలిపి ఒకటే దణ్ణం పెట్టాడు. పైనవాళ్ళు వాళ్ళలో వాళ్ళు పంచుకుంటారని అతని నమ్మకం.

మిగతా సూదులు పడ్డాక డాక్టరు చెప్పింది. "ఇవాళ ఇంకా వాస్తుంది, భయపడకండి. రేపటికీ ఎల్లుండికీ చాలావరకు దిగుతుంది. ఎడమ మూల గట్టిగా ఉంది, అది ఒక్కసారికి పోకపోవచ్చు. రెండు వారాలాగి చూసి, అవసరమైతే మళ్ళీ వేద్దాం. కొన్నాళ్ళు పెదవి ముడతపడ్డట్టు, చప్పబడ్డట్టు ఉంటుంది. అది మీ పెదవేనమ్మా, కరిగిపోయిందేం కాదు. సర్దుకుంటుంది."

"సన్నాయి ఎప్పుడు ఊదొచ్చండి?"

డాక్టరు మొదటిసారి ఆ పెట్టెవైపు చూసింది. "సన్నాయా? వాపూ నొప్పీ పూర్తిగా పోయాక. మెల్లగా మొదలుపెట్టండి. ముందే బిగించి నొక్కారంటే నేనొప్పుకోను."

"ఇంకోసారి ఫిల్లర్ వేయించుకుంటానంటే తిడతారా?" అని నస్రత్ గబుక్కున అడిగింది. అడిగాక సుభానీ వైపు చూడలేదు.

"ఎందుకు తిడతాను? వేయించుకుంటే తప్పేముంది? కాకపోతే వేసేవాళ్ళు డాక్టరై ఉండాలి, వేసే మందు పేరు మీకు తెలిసి ఉండాలి. మీరు చేసే పని వాళ్ళకి తెలిసి ఉండాలి. సన్నాయి ఊదుతారని చెబితే నేనైతే అప్పుడే వద్దనేదాన్ని."

రెండోనాడు పొద్దున నస్రత్ అద్దం చూసుకుంది. ఆ కొత్త పిల్ల వెళ్ళిపోయింది. పాత పిల్ల కూడా పూర్తిగా రాలేదు. మధ్యలో ఎవరో నీరసంగా నిలబడి ఉన్నారు. పెదవులు ఎండిన తమలపాకుల్లా ముడుచుకున్నాయి. కాసేపు నిజంగానే దిగులేసింది ఆమెకి. నిండు పెదవులంటే ఇష్టమయ్యాయి, ఇష్టమైనదాన్ని పోగొట్టుకుంటే ఎవరికైనా అంతే. సర్దార్‌బీ వెనకనుంచి వచ్చి కాఫీ గ్లాసు చేతికిచ్చి, జడ విప్పి దువ్వడం మొదలుపెట్టింది.

వాపు తగ్గాక సుభానీ సన్నాయి ఇవ్వలేదు. కుండతో నీళ్ళు తెచ్చి ముందుపెట్టాడు, పెరట్లోకి వెళ్ళి బొప్పాయి కాడ విరుచుకొచ్చాడు. ఆరో తరగతి పిల్లలాగా నస్రత్ బుడగలు ఊదింది. మొదట ఎడమ మూలనుంచి గాలి జారింది. డాక్టరు చెప్పిన గట్టి ముడి అక్కడ కందిగింజంత మిగిలే ఉంది. పెదవి దానిమీద సరిగా మూసుకోదు. కుండ దాటి పీక దగ్గరికి వచ్చేసరికి అదే తంటా. మామూలుగా పలుకుతుంది. పైస్థాయిలో నిలబెట్టి పట్టుకుంటే మాత్రం ఎడమపక్క బుస్సంటుంది.

"గట్టిమేళానికి ఆ పైస్థాయే కావాలి" అన్నాడు ఆదెయ్య. "నేనెంత వాయించినా డోలు స్వరం పాడదమ్మాయ్."

శివరామకృష్ణ మళ్ళీ బండి ఆపాడు. ఈసారి దిగాడు. అరుగుమీద కూర్చుని కాసేపు విన్నాడు. "పిల్లికి జ్వరం తగ్గింది" అన్నాడు. తర్వాత కాస్త ఇబ్బందిగా, "పొరుగూరి వాళ్ళని కూడా రమ్మన్నా సుభానీ. వచ్చి పక్కన కూర్చుంటారు. మీది ఆగితేనే వాళ్ళది" అన్నాడు.

న్యాయమైన మాటే. సుభానీ నస్రత్ వైపు తిరిగి "మళ్ళీ ఊదు" అన్నాడు.

కల్యాణంనాడు పందిట్లో ఎండ కన్నా జనం ఎక్కువ ఉన్నారు. ఊరంతా కల్లాలే కాబట్టి గాలిలో ఘాటు తేలుతోంది. పురోహితుడు కూడా మంత్రానికీ మంత్రానికీ మధ్య తుమ్ముతున్నాడు. ఒకపక్క సుభానీ మేళం, ఎదురుగా పొరుగూరి మేళం. వాళ్ళ సన్నాయి జయరావు పెద్దమనిషి. సన్నాయి ఒళ్ళో పెట్టుకుని, పీక తీసి నోట్లో తడుపుకుంటూ సిద్ధంగా ఉన్నాడు. అతని మీద కోపం తెచ్చుకుందామని సుభానీ చాలా ప్రయత్నం చేశాడు. మనిషి మంచివాడు కావడంవల్ల వీలుపడలేదు.

ఎదుర్కోలు బానే నడిచింది. జీలకర్ర బెల్లం బానే నడిచింది. నస్రత్ నెమ్మదిగా, కింది స్థాయిల్లో, బలం దాచుకుంటూ ఊదింది. పురోహితుడు మాంగల్యం పళ్ళెం అందుకున్నాడు. జనం అక్షతలు పట్టుకుని లేచి నిలబడ్డారు. ఆయన కుడిచెయ్యి పైకెత్తాడు.

ఆదెయ్య డోలు విరుచుకుపడింది. నస్రత్ పైస్వరం అందుకుంది. అందింది. నిలబడబోయింది. ఎడమ మూలనుంచి గాలి జారింది, స్వరం వణికింది. ఎదురుగా జయరావు సన్నాయి నోటిదగ్గరకి తీసుకోవడం ఆమెకి కనిపించింది.

ఆపితే పోయింది. బిగిస్తే పగులుతుంది. నస్రత్ ఊపిరి వదలకుండానే పీకని జరిపింది, పెదవుల నడుమనుంచి కుడిపక్కకి, ఇన్నేళ్ళలో పీక ఎన్నడూ ఆనని లేతచోటికి. అక్కడ మండింది. కళ్ళలో నీళ్ళు చిమ్మాయి. కానీ పెదవి మూసుకుంది. గాలి మొత్తం సన్నాయిలోకే వెళ్ళింది.

వచ్చిన స్వరం కొత్తగా ఉంది. సుభానీ మేళం స్వరం కత్తిలాంటిదని పేరు. ఇది గుండ్రంగా, కాస్త బరువుగా లేచి, పందిరి దాటి, గుడి గోపురం దాటి పోయింది. ఆ రోజు ఆ స్వరానికి పేటలో మిల్లులన్నీ ఒక్కక్షణం ఆగిపోయాయని సుభానీ అంటాడు. మిల్లులవాళ్ళు కరెంటు పోయిందంటారు. ఎవరికి తోచింది వాళ్ళు నమ్మొచ్చు. పందిట్లో ఉన్నవాళ్ళు చూసింది మాత్రం, జయరావు సన్నాయి నెమ్మదిగా ఒళ్ళో దింపుకుని, తొడమీద తాళం వెయ్యడం.

మూడుముళ్ళు పడ్డాయి. అక్షతలు రాలాయి. శివరామకృష్ణ పళ్ళెంలో తాంబూలం పెట్టుకుని వచ్చి సుభానీ ముందు ఆగాడు. ఒక్కక్షణం ఆలోచించి రెండడుగులు పక్కకి వేసి, నస్రత్ చేతిలో పెట్టాడు.

సుభానీ ఆమె పక్కకి జరిగి కూర్చున్నాడు. "ఆ స్వరం నాది కాదే. మా నాన్నది కూడా కాదు. ఎక్కడ్నుంచి తెచ్చావు?"

"ఎడం పక్క గాలి పోతోంది మావయ్యా. కుడి పక్కకి జరిపా."

"మండుతోందా?"

"మిరపకాయ రాసినట్టుంది." ఆదెయ్య చురుగ్గా చూశాడు. "నీ కాయంత కాదులే బాబాయ్" అంది నస్రత్.

"వచ్చేవారం డాక్టరమ్మ దగ్గరికెళ్దాం" అన్నాడు సుభానీ. "ఆ ఎడమ మూల కూడా పోనీ. ఆ తర్వాత పీక ఎక్కడ పెట్టుకుంటావో నీ ఇష్టం. కొత్తవి కూడా తెప్పించాలి. ఈసారి నేను గీకను, నువ్వే గీక్కో. నీ నోటికి ఏది సరిపోద్దో నాకేం తెలుసు."

పల్లకీ లేచింది. ఊరేగింపు వీధులన్నీ తిరగాలి. నస్రత్ నీళ్ళు పుక్కిలించి, కింది పెదవి కుడిపక్కని వేలితో తడిమి చూసుకుంది. ఎర్రగా కందింది. ఇంకో ఏడాది ఊదితే అక్కడా కాయ కాస్తుంది. కాయనీ అనుకుంది.

"అమ్మాయ్, స్వామి నడిచి వెళ్ళిపోయేట్టున్నాడు!" అన్నాడు ఆదెయ్య డోలు మెడకి తగిలించుకుంటూ.

నస్రత్ సన్నాయి ఎత్తి పల్లకీకి ముందుకెళ్ళి నిలబడింది.